ఇంట్లో చేసిన జింజర్ బీర్ పిల్లలకి పోయొచ్చా?

పెరటి_కాకర (రాజమండ్రి):
అందరికీ నమస్కారం అండి. మా ఇంట్లో నాలుగు రోజుల్నుంచి ఒకటే వాదన, తెలిసినవాళ్ళు చెప్తారని ఇక్కడ పెడుతున్నా. మా ఆయన బ్రిస్బేన్‌లో రెండేళ్ళు ఉండొచ్చారు, అక్కడ జింజర్ బీర్ (అల్లంతో చేసే గ్యాస్ డ్రింకు) అలవాటైంది, షాపుల్లో కూల్‌డ్రింకుల పక్కనే పెడతారట, పిల్లలు కూడా తాగుతారట. ఇక్కడ రేటు చూసి నేనే ఇంట్లో మొదలుపెట్టాను. గాజు జాడీలో పావు లీటరు నీళ్ళు, తొక్కతో సహా కోరిన అల్లం ఒక చెంచా, పంచదార ఒక చెంచా వేసి గుడ్డ కట్టి, రోజూ ఇంకో చెంచా అల్లం ఇంకో చెంచా పంచదార వేసుకుంటూ పోయాను. దీన్ని జింజర్ బగ్ అంటారు గానీ మేం అల్లం తోడు అంటున్నాం, పెరుగు తోడు లాంటిదే కదా. వారం పడుతుందని చదివా, మన ఎండలకి మూడో రోజుకే అల్లం తురుమంతా పైకి తేలిపోయి చెంచా పెట్టి కదిపితే చుయ్యిమని చిన్న శబ్దం వస్తోంది, ఆ శబ్దానికే మా వాడు పరిగెత్తుకొస్తాడు.

తర్వాత రెండు లీటర్ల నీళ్ళలో 150 గ్రాముల అల్లం, 200 గ్రాముల పంచదార మరగబెట్టి వడకట్టి, బాగా చల్లారాక రెండు నిమ్మకాయలు పిండి, అర కప్పు తోడు నీళ్ళు కలిపి కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాల్లో పోశాను. రెసిపీలో 5 రోజులు బయట ఉంచమన్నారు, నేను 3 రోజులకే ఫ్రిజ్‌లో పెట్టేశా. మధ్యలో సీసా రాయిలా గట్టిపడుతోందని రోజుకి రెండుసార్లు మూత వదులు చేసి గ్యాస్ తీశాను. రుచి మాత్రం అద్భుతం, గొంతులో ఆ ఘాటు షాపు డబ్బాలో కూడా లేదు. మా ఏడేళ్ళ బాబు ఒక గ్లాసు తాగాడు. సరిగ్గా అప్పుడే మా అత్తగారు వచ్చి గ్లాసు వాసన చూసి "ఇది కల్లు వాసన అమ్మాయ్, తాటితోపు పక్కన పుట్టి పెరిగినదాన్ని నాకు తెలీదా, పసివాడికి ఇది పోస్తావా" అన్నారు. నాకు చాలా బాధేసింది. ఇది సోడాలో గ్యాస్ లాంటిదే కదా అని నేను, కాదని ఆవిడ. ఇది పేరులో బీర్ ఉన్నందుకు వచ్చిన భయమా, నిజంగా భయపడాల్సిందేనా?

బెజవాడ_భోజనం:
ఏం భయం లేదండి, హాయిగా పోయండి. పులిసిన చాలావాటిలో పిసరంత ఆల్కహాల్ ఉంటుంది, ఇడ్లీ పిండిలో ఉంటుంది, బ్రెడ్‌లో ఉంటుంది, బాగా మగ్గిన అరటిపండులో ఉంటుంది. మా చిన్నప్పుడు వేసవిలో పొద్దున్నే తరవాణి తాగి బడికి వెళ్ళేవాళ్ళం, అది పులిసిన గంజి కాదా. రంగులూ ప్రిజర్వేటివ్‌లూ ఉన్న డ్రింకులు ఏ అనుమానం లేకుండా కొనిస్తాం, ఇంట్లో అమ్మ అల్లంతో నిమ్మకాయతో చేసినదాన్ని అనుమానిస్తాం, ఇదే నాకు నచ్చదు. ఇంగ్లండ్‌లో రెండు వందల ఏళ్ళకి పైగా ఇళ్ళల్లో చేసుకుంటున్నారు, పిల్లలూ తాగారు. పెద్దావిడకి నెమ్మదిగా చెప్పండి.

లీడ్స్_తెలుగోడు:
నేను ఉండేది ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లోనే, 18వ శతాబ్దంలో ఇది ఈ ప్రాంతంలోనే మొదలైందని ఇక్కడివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. పాత సామాన్ల సంతకి వెళ్తే అప్పటి రాతిమట్టి సీసాలు ఇంకా దొరుకుతాయి, నా దగ్గర ఒకటుంది, మన ఊరగాయ జాడీలాగే పైన గోధుమరంగు కింద తెలుపు మెరుగు. అప్పట్లో ఇళ్ళల్లో జింజర్ బీర్ ప్లాంట్ అని ఒకటి ఉండేది, పేరుకి ప్లాంట్ గానీ మొక్క కాదు, తెల్లటి సగ్గుబియ్యం ముద్దల్లా ఉంటుంది. మార్షల్ వార్డ్ అనే శాస్త్రవేత్త దాన్ని పరీక్షించి 1892లో ప్రచురించాడు, అందులో ఒక ఈస్టూ ఒక బాక్టీరియా కలిసి బతుకుతున్నాయని తేల్చాడు. పక్కింటివాళ్ళు సగం తీసిచ్చేవాళ్ళు, మనం పెరుగు తోడు అడిగి తెచ్చుకున్నట్టే.

కానీ భోజనం గారూ, పాతకాలం వాళ్ళు పిల్లలకి ఇచ్చారు కాబట్టి మంచిదే అనే మాట నేను ఒప్పుకోను. ఆ కాలంలో ఇక్కడ పలచటి బీరు కూడా పిల్లలకి ఇచ్చేవాళ్ళు, అలాగని మనం ఇస్తామా. ఇంకోటి, రెసిపీల్లో ఉన్న ఆ 5 రోజులు మా వంటింటి లెక్క. ఇక్కడ మా వంటిల్లు 18 డిగ్రీలుంటే గొప్ప, రాజమండ్రి మే నెలతో దానికి పోలికే లేదు. మీ 3 రోజులంటే మా 5 రోజుల కంటే ఎక్కువే అయ్యుంటుంది అక్కా.

ల్యాబ్_కోటు:
నేను ఫుడ్ మైక్రోబయాలజీ చదివాను, ఈ విషయంలో చాలామంది ఒకే పొరపాటు చేస్తారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

అల్లం తోడులో ఉండే ఈస్టు పంచదార తిని రెండు వదుల్తుంది, గ్యాసూ ఆల్కహాలూ, దాదాపు సమానంగా. 1 గ్రాము పంచదారకి సుమారు అర గ్రాము గ్యాస్, సుమారు అర గ్రాము ఆల్కహాల్. గ్యాస్ వచ్చిందంటే ఆల్కహాల్ కూడా అంతే వచ్చినట్టు, ఒకటి కావాలి ఒకటి వద్దు అంటే కుదరదు. లీటరులో 10 గ్రాముల పంచదార పులిస్తే చక్కటి సోడా అంత గ్యాస్ వస్తుంది, ఆల్కహాల్ 0.6 శాతం దగ్గర ఉంటుంది. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల్లో 0.5 శాతం దాటితే అది ఆల్కహాలిక్ డ్రింకే. అంటే బాగా బుస్సుమనే జింజర్ బీర్ ఇంట్లో చేశామంటే ఆ గీత దగ్గరికో, దాటో వచ్చేసినట్టే.

ఇప్పుడు కాకర గారి సీసా సంగతి. మీరు లీటరుకి 100 గ్రాముల పంచదార వేశారు. అదంతా పులిస్తే 6 శాతం పైనే, మామూలు బీరు కన్నా ఎక్కువ. అంతా పులవలేదు, తీపి ఉంది కాబట్టి తెలుస్తోంది. కానీ మీరు రోజుకి రెండుసార్లు మూత వదులు చేశానన్నారు చూడండి, అసలు విషయం అక్కడుంది. మూత తీస్తే గ్యాస్ పోతుంది, ఆల్కహాల్ ఎక్కడికీ పోదు, సీసాలోనే ఉంటుంది. మళ్ళీ గ్యాస్ పట్టిందంటే మళ్ళీ అంత ఆల్కహాల్ తయారైంది. మూడు రోజుల్లో ఆరుసార్లు మీరు గ్యాస్ తీశారంటే చివర్లో గ్లాసులో ఉన్న బుడగల్ని చూసి లెక్క కట్టడం కుదరదు. మీ అత్తగారి ముక్కుని తక్కువ అంచనా వెయ్యకండి, పొద్దున దింపిన కల్లు తియ్యగా ఉండి మధ్యాహ్నానికి ఎలా మారుతుందో ఆవిడకి తెలుసు, ఇక్కడ జరిగేదీ అదే.

షాపులో దొరికే జింజర్ బీర్ వేరు. కంపెనీలు పులియబెట్టాక వేడి చేసి ఈస్ట్‌ని చంపేస్తాయి, ఆల్కహాల్ ఎంతుందో కొలుస్తాయి. ఇంకొన్ని అసలు పులియబెట్టనే పెట్టవు, ఫ్లేవరూ గ్యాసూ కలుపుతాయి అంతే. మన ఫ్రిజ్ ఈస్ట్‌ని చంపదు, నెమ్మది చేస్తుంది.

బెజవాడ_భోజనం:
లెక్కలు బాగున్నాయమ్మా కానీ ఒకవైపే చెప్తున్నారు. అల్లం తోడులో ఈస్టు ఒక్కటే లేదు, పులుపు చేసే బాక్టీరియా కూడా ఉంది, అది పంచదారలో కొంత లాక్టిక్ యాసిడ్‌గా మారుస్తుంది, అంటే తిన్న పంచదార అంతా ఆల్కహాల్ కాదు. పైగా పులిస్తే పంచదార తగ్గుతుంది, పిల్లలకి అది మంచిదే కదా. ఇంకో మాట, సీసాలో పోశాక మన ఎండలకి 12 గంటలు చాలు, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో తాగేస్తే మీరు చెప్పిన గీత దాటదు. మూడు రోజులు ఉంచడం తప్పు, చెయ్యడం తప్పు కాదు. ఇలా భయపెడితే ఇళ్ళల్లో పులియబెట్టడమే మానేస్తారు జనం.

ల్యాబ్_కోటు:
బాక్టీరియా గురించి మీరన్నది నిజమే అండి, కొంత తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో మీ జాడీకీ నా జాడీకీ ఒకేలా ఉండదు, నా అభ్యంతరం అంతా దాని మీదే. 12 గంటలు అన్నారు, తోడు చురుగ్గా ఉంటే 12 గంటల్లో ఒకరకం, నీరసంగా ఉంటే ఇంకోరకం, పగలు ఒకలా రాత్రి ఒకలా. పంచదార తగ్గుతుందనేది కూడా, గీత దాటకుండా ఆపితే లీటరుకి 10 గ్రాములు కూడా తగ్గదు, మిగతా 90 అలాగే ఉంటుంది. పంచదార నిజంగా తగ్గేంత పులిస్తే ఆల్కహాల్ అంతకంత పెరిగినట్టు. రెండూ మనకి అనుకూలంగా ఉండవు. పెద్దవాళ్ళకి ఇవేమీ ఇబ్బంది కాదు, నేనూ చేసుకుంటాను, ఇష్టంగా తాగుతాను. ఇరవై రెండు కిలోల పిల్లాడికి కొలవకుండా పోయడం దగ్గరే నేను ఆగుతాను.

జహీరాబాద్_అల్లం:
అక్కా నేను జహీరాబాద్ దిక్కు అల్లం పండిస్త, ఆల్కహాల్ ముచ్చట చదువుకున్నోళ్ళు చెప్పిన్రు, నేను రెండు మాటలు చెప్త. ఒకటి, తోడు వెయ్యనీకి మట్టి అంటిన అల్లం తీస్కోన్రి, రైతు బజార్ల దొరుకుతది. సూపర్ మార్కెట్ల తెల్లగ మెరిసేది కడిగి కడిగి ఉంటది, తొక్క మీద ఉండాల్సిన జీవం చానవరకు పోతది, ఒక్కోపారి వారమైనా బుడగ రాదు. మట్టి పోయేదాంక ఒక్కపారి నీళ్ళతోని కడిగి తొక్క తియ్యకుంట కోరాలె. పైన ఆకుపచ్చగ నల్లగ బూజు వస్తె మాత్రం సగం తీసి వాడుడు కాదు, మొత్తం పారబొయ్యాలె.

రెండోది, ఎవ్వరు గాని గాజు సీసలల్ల పొయ్యకుండ్రి. మా తమ్ముడు పోయిన ఎండకాలం నాలుగు పలకల గాజు సీస ఒకటి మస్తు ముద్దుగుందని దాంట్ల పోసి మూత బిగించి బియ్యం డబ్బా పక్కన పెట్టి మర్చిపోయిండు. రాత్రి రెండింటికి పేలింది, పటాకి అనుకున్నం. పొద్దుగాల చూస్తె గాజు పెంకులు ఎదురు గోడ సున్నంల దిగినయ్, మా చిన్నోడు రోజు కూసుండి తినే జాగ అది. ఎవ్వరు లేకుండె, బతికిపోయినం. ప్లాస్టిక్ సీస ఐతె చేత్తో నొక్కి చూడొచ్చు, గట్టిపడ్డదంటె ఫ్రిజ్‌ల పెట్టాలె అంతే.

పెరటి_కాకర:
అన్నా అది చదివి నా ఒళ్ళు జలదరించింది, నా సీసాలు ప్లాస్టిక్‌వే, ఇకపై కూడా అంతే. ల్యాబ్ గారూ, ఇంట్లో కొలిచే దారి ఏదైనా ఉందా? నాకు ఊహ కాదు, అంకె కావాలి.

ల్యాబ్_కోటు:
హైడ్రోమీటర్ అని ఉంటుంది, పాలకేంద్రంలో పాలు చూసే లాక్టోమీటర్ లాంటిదే, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పంచదార ఎక్కువుంటే పైకి తేలుతుంది, పులిసే కొద్దీ మునుగుతుంది. సీసాలో పోసే ముందు ఒకసారి, తాగే ముందు ఒకసారి చూడండి, తేడాని 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం సుమారుగా వస్తుంది. రెండోసారి చూసేటప్పుడు గ్యాస్ అంతా పోయేదాకా రెండు గ్లాసుల్లో అటూ ఇటూ తిరగబోయండి, బుడగలు అంటుకుంటే పరికరం పైకి లేచి తక్కువ ఆల్కహాల్ ఉన్నట్టు చూపిస్తుంది. గుర్తుపెట్టుకోండి, ఇంటి పరికరంతో ఒక గీత అటూ ఇటూ పొరపాటు మామూలే, 2 శాతం ఉందా లేదా తెలుస్తుంది గానీ 0.4 ఉందా 0.6 ఉందా అనేది దానితో తేల్చలేం.

లీడ్స్_తెలుగోడు:
పిల్లాడి కోసమైతే ఒక దారి ఉంది అక్కా. అల్లం, పంచదార మరగబెట్టి చిక్కటి పాకం చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుని, కావాల్సినప్పుడు రెండు చెంచాలు వేసి నిమ్మకాయ పిండి చల్లటి సోడా పొయ్యండి. మన ఊళ్ళల్లో గోలీసోడా బండి మీద అల్లం సోడా తాగలేదా, అదే. పులవడంలో వచ్చే ఆ పులుపూ లోతూ రాదు, అది ఒప్పుకుంటాను, కానీ దాన్ని మెచ్చుకునే వయసు వాడికింకా రాలేదు కదా.

బెజవాడ_భోజనం:
అది జింజర్ బీర్ కాదు తమ్ముడూ, అల్లం షర్బతు. నేను మళ్ళీ చెప్తున్నా, పంచదార లీటరుకి 100 కాకుండా 40 వేసి, 12 గంటల్లో ఆపితే పిల్లలకి ఏ ఇబ్బందీ లేదు. మా మనవరాలికి అలాగే ఇస్తున్నాను.

ల్యాబ్_కోటు:
పంచదార తగ్గించడం మంచి మాటే బాబాయ్ గారూ, సీసా మర్చిపోయినా పైన హద్దు ఒకటి ఉంటుంది. కానీ 40 గ్రాములు మొత్తం పులిసినా 2.5 శాతం దాటుతుంది, అది కూడా చూసుకోండి. మీరు కూడా ఒక్కసారి కొలిచి చూడండి, మనవరాలి కోసం.

పెరటి_కాకర:
హైడ్రోమీటర్ వచ్చింది, అందుకే వారం తర్వాత రాస్తున్నా. మొదటిసారి చేసినట్టే అదే కొలతలు, అదే 3 రోజులు, అలాగే రోజుకి రెండుసార్లు మూత వదులు. సీసాలో పోసేముందు హైడ్రోమీటర్ అంకె 1.038. మూడో రోజు గ్లాసులో పోసి చూస్తే 1.030, ఫర్వాలేదు అనుకున్నా, తర్వాత ల్యాబ్ గారు చెప్పారు కదా అని పది నిమిషాలు తిరగబోసి చూస్తే 1.026కి దిగింది. తేడా 0.012 (12 గీతలు), 131తో గుణిస్తే 1.6 శాతం దగ్గర. మా వాడు ఆ రోజు తాగింది 200 మిల్లీల గ్లాసు. లెక్క వేస్తే 5 శాతం బీరు 60 మిల్లీలు పైనే పోసినట్టు. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు వంటింట్లోనే కూర్చున్నాను.

అత్తగారికి వెళ్ళి చెప్పాను, మీరన్నదే నిజం అత్తయ్యా అని. ఆవిడ ఏమీ అనలేదు, అల్లం పాకం ఎలా చెయ్యాలో చూపించమన్నారు, ఆవిడే బెల్లం వేసి, చివర్లో రెండు మిరియాలు దంచి వేశారు, అందులో సోడా పోస్తే మా వాడు రెండో గ్లాసు అడిగాడు. పులియబెట్టింది మా ఇద్దరికే, సీసా మీద తేదీ, టైము రాసి ఫ్రిజ్‌లో పై అరలో వాడికి అందకుండా పెడుతున్నా. బాబాయ్ గారూ, మీ 40 గ్రాముల పద్ధతి నేను ఈ ఆదివారం చేసి 12 గంటలకి, 24 గంటలకి రెండుసార్లు కొలిచి అంకెలు ఇక్కడే పెడతాను, అప్పటిదాకా పాపకి పొయ్యకండి, ప్లీజ్.

బెజవాడ_భోజనం:
సరేనమ్మా. నేనూ ఒక హైడ్రోమీటర్ తెప్పిస్తున్నా, ఆదివారం నా సీసా కూడా కొలుస్తాను.