తీరం కోత: ప్రభుత్వాన్ని రాతికట్ట అడగడమా, ఊరిని వెనక్కి జరపమనడమా?

తీరవాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లాలో బకింగ్‌హాం కాలువకూ సముద్రానికీ మధ్య ఉన్న చిన్న పట్టపుపాలెం, అంటే చేపలు పట్టేవారి ఊరు. ఊరి పెద్దల మధ్య ఇంకా మాట ఒక్కటి కాలేదు కనుక ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు.

నా చిన్నతనంలో ఎండాకాలం గంగమ్మ గుడి నుంచి నీటి అంచు దాకా నడిస్తే అరికాళ్లు బొబ్బలెక్కేవి, అంత ఇసుక ఉండేది. గుడి ముందు దిబ్బ, దిబ్బ మీద సరుగుడు తోట, దాని అవతల పడవలు లాగి పెట్టుకునే చోటు, వలలు ఆరేసే చోటు ఉండేవి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ దిబ్బ చాటున ఉండబట్టే మా వీధి నిలిచిందని మా నాన్న ఇప్పటికీ చెబుతాడు. ఇప్పుడు ఆ దిబ్బా లేదు, తోటా లేదు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు ముందు వరుస ఇళ్లు కొన్ని కూలిపోయాయి. తుపాను పోయాక ఇసుక తిరిగి చేరుతుందని ఎదురుచూశాం, కానీ చేరలేదు. పౌర్ణమికి, అమావాస్యకు పోటు నీరు గుడి మెట్లను తాకుతోంది.

మాకు దక్షిణాన కొన్ని కిలోమీటర్ల దూరంలో సముద్రంలోకి రెండు రాతి గట్లు కట్టారు. వాటికి ఆవలి వైపు, అంటే దక్షిణపు వైపు, తీరం ఏటేటా వెడల్పు అవుతోంది. మా వైపు తరిగిపోతోంది.

ఊళ్లో సగం మంది ఊరి ముందు ఒడ్డు పొడవునా రాతికట్ట వేయించమని అర్జీ పెడదామంటున్నారు. తక్కినవారు కాలువకు పడమర స్థలాలిచ్చి పట్టాలు రాసిస్తే వెళ్లిపోదామంటున్నారు. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు ఏదో ఒక అర్జీ తీసుకుని పోవాలి. తెలిసినవారు దారి చూపగలరని వేడుకుంటున్నాను.

విశ్రాంత ఇంజనీరు:

తీరవాసి గారూ, మీరు రాసిన వాటిలో అన్నింటికన్నా ముఖ్యమైన విషయం గట్లకు దక్షిణాన తీరం పెరుగుతున్నదన్న మాట. అర్జీలో అది మొదటి పేరాలోనే ఉండాలి.

మన తూర్పు తీరంలో ఇసుక ఒక చోట కుదురుగా ఉండదు. రమారమి మార్చి నుంచి అక్టోబరు దాకా దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చే అలలు ఇసుకను ఒడ్డు వెంట ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య రుతుపవనాల నెలల్లో కొంత ఇసుక దక్షిణానికి మళ్లుతుంది. ఏడాది మొత్తం మీద లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఈ నడకకు అడ్డంగా గట్టు కట్టినప్పుడు దక్షిణపు వైపు ఇసుక మేట వేస్తుంది, ఉత్తరపు వైపున ఉన్న ఊరికి రావలసిన ఇసుక రాకుండా పోతుంది. అలలు మాత్రం ఎప్పటిలాగే అక్కడ ఉన్న ఇసుకను తీసుకుపోతూనే ఉంటాయి. చెన్నై రేవు గట్లకు దక్షిణాన మెరీనా అంత విశాలమైన తీరంగా పెరగడానికీ, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోవడానికీ కారణం ఇదే. 1980ల చివర కట్టిన రేవు తరువాత పుదుచ్చేరి పట్టణం తన ఇసుక తీరాన్ని పోగొట్టుకున్నది కూడా ఇలాగే.

నదుల సంగతి కూడా మరవకూడదు. పెన్న వరదతో తెచ్చే ఇసుకే మన తీరానికి పెట్టుబడి. సోమశిల వంటి జలాశయాల్లో కొంత నిలిచిపోతే, దిగువన నదీగర్భం నుంచి లారీల్లో కొంత తరలిపోతే, ముఖద్వారానికి చేరేది తగ్గుతుంది. సముద్ర మట్టం పెరగడం నిజమే, కానీ అది ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల లెక్క. గట్టుకు ఒక వైపు తీరం పెరుగుతూ మరో వైపు తరుగుతుంటే ఆ తేడాకు అదొక్కటే జవాబు కాలేదు.

ఇక రాతికట్ట గురించి. అది కట్ట వెనక ఉన్న నేలను కొంతకాలం కాపాడుతుంది, ముందున్న ఇసుకను కాపాడదు. రాళ్లకు కొట్టుకున్న అల వెనుదిరిగేటప్పుడు కట్ట పాదం దగ్గరి ఇసుకను తోడుకుపోతుంది. కట్ట ముగిసిన చోట కోత మరింత బలంగా మొదలవుతుంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో రాళ్లూ పోశారు, ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలతో (జియోట్యూబులు) గోడా కట్టారు. అయినా అక్కడి బీచ్ రోడ్డు తుపాను వచ్చినప్పుడల్లా తెగుతూనే ఉంది.

అందువల్ల మీరు అడగవలసింది ఇసుక. గట్టుకు దక్షిణాన పోగుపడిన ఇసుకను తోడి ఉత్తరపు ఒడ్డున పోయడం కొత్త సంగతేమీ కాదు. విశాఖపట్నంలో రేవు నుంచి తోడిన ఇసుకను పట్టణ తీరానికి పంపుతూ వస్తున్నారు. అయితే ఒకసారి పోసి ఊరుకుంటే ప్రయోజనం లేదు. గట్టు ఉన్నంత కాలం, ఏటా, కట్టిన వారి ఖర్చుతోనే జరగాలన్న షరతు ఉండాలి.

ఒక జాగ్రత్త చెబుతాను. ఈశాన్య గాలుల కాలంలో తీరం తగ్గడం, వేసవికి కొంత కోలుకోవడం సహజం. డిసెంబరు కొలత ఒక్కటే చూపితే అది రుతువు వల్ల అని అధికారులు కొట్టివేస్తారు. కదలని గుర్తు ఒకటి పెట్టుకుని మే నెలలోనూ డిసెంబరులోనూ కొలవండి. గూగుల్ ఎర్త్‌లో గట్లు కట్టక ముందటి సంవత్సరాల చిత్రాలు దొరికితే వాటినీ జతచేయండి.

ప్రకాశం పాలెం:

అన్నా, మాది ప్రకాశం జిల్లా. రాతికట్ట కోసం ధర్నా చేసిన వాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి రాస్తున్నాను. రాళ్లు వచ్చిన రోజున మేము కొబ్బరికాయలు కొట్టాము. ఇళ్లు నిలిచిన మాట వాస్తవం, దాన్ని నేను కాదనను. అయితే రెండేళ్లు తిరగకముందే కట్ట ముందు అడుగు పెట్టడానికి ఇసుక లేకుండా పోయింది. ఒడ్డు మీది నుంచి లాగే అలివి వలను లాగాలంటే రెండు వైపులా మనుషులు నిలబడి నడవడానికి ఒడ్డు ఉండాలి. ఆ వల ఇప్పుడు మా ఊళ్లో మూలన పడింది. ఫైబర్ పడవలను రాళ్ల మీదికి ఎక్కించలేక వేరే ఊరి ఒడ్డున పెట్టుకుంటున్నాము, రాత్రి కాపలాకు మనిషిని పెట్టుకుంటున్నాము. ఇంకా బాధ కలిగించేది మరొకటి ఉంది. కట్ట ఉత్తరపు కొస దాటగానే ఉన్న పాలెం ఇప్పుడు కోసుకుపోతోంది. అక్కడ మా ఆడపడుచులు ఉన్నారు. వాళ్లు మమ్మల్ని ఒక్క మాట అనలేదు, కానీ మేము వాళ్ల ముఖం చూడలేకపోతున్నాము. మీ ఊరి ఉత్తరాన ఎవరున్నారో చూసుకుని, వాళ్లను కూడా పిలిచి కూర్చోబెట్టి, ఆ తరువాత అర్జీ రాయండి.

పంతులు:

తీరవాసి గారికి, అర్జీలు రాసిపెట్టే పని ఎన్నో ఏళ్లుగా చేస్తున్నవాణ్ని గనుక కాగితాల సంగతి చెబుతాను.

విపత్తు సాయం కోసం కేంద్రం ప్రకటించిన విపత్తుల జాబితాలో తుపాను, వరద, సునామీ ఉన్నాయి. నెమ్మదిగా సాగే తీరం కోత లేదు. కాబట్టి మిగ్‌జాంలో కూలిన ఇళ్లను తుపాను నష్టంగానే నమోదు చేశారా లేదా అన్నది ముందు చూడండి. పదిహేనవ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి కోత నివారణకు 1,500 కోట్లు, కోత వల్ల నిర్వాసితులైన వారి పునరావాసానికి 1,000 కోట్లు దేశం మొత్తానికి కేటాయించింది. కోతను పట్టించుకోవలసిన నష్టంగా జాతీయ స్థాయిలో ఒప్పుకున్నారని ఆ మాటను అర్జీలో పేర్కొనండి.

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం అనుమతి పొందిన ప్రాజెక్టు వారు ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదికలు సమర్పించాలి. అవి ప్రజలు చూడదగిన పత్రాలు. ఆ గట్లకు అటువంటి అనుమతి ఉంటే, అందులో తీరరేఖ గురించి ఏ షరతు పెట్టారో, నివేదికల్లో ఏం రాశారో సమాచార హక్కు చట్టం కింద అడగండి.

ఒక లెక్క మీకు ఎదురు రావచ్చు. జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2016 వరకు చేసిన అధ్యయనంలో మన రాష్ట్ర తీరంలో కోతకు గురైనది 27 శాతం, మేట వేసినది 42 శాతం. ఈ సగటు చూపి సమస్య లేదనేవారుంటారు. మేట వేసిన చోట మీ ఇల్లు లేదని సమాధానం చెప్పి, మీ ఊరి పటం ఇమ్మని అడగండి.

ఊరు జరగడం తప్పనిసరైతే మాత్రం పట్టాలు ఇంటి ఇల్లాలి పేరున ఉండాలి, కాలువ మీద వంతెన ఉండాలి, పడవలకూ వలలకూ ఒడ్డున ఉమ్మడి స్థలం ఊరి పేరనే మిగలాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఒప్పుకోవద్దని నా సలహా.

తీరవాసి:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న రాత్రి గుడి దగ్గర మీ జవాబులన్నీ చదివి వినిపించాను. ప్రకాశం అన్న రాసింది విన్నాక రాతికట్ట కావాలన్న వారిలో పెద్దవాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరకు, ఉత్తరపు పాలెం పెద్దలను ఆదివారం పిలవమని ఆయనే చెప్పాడు. అర్జీ ఇసుక కోసం రాస్తున్నాము. స్థలాల మాట అందులోనే రెండో కోరికగా, పంతులు గారు చెప్పిన మూడు షరతులతో చేరుస్తున్నాము. గుడి వెనక నీళ్ల ట్యాంకు స్తంభాన్ని గుర్తుగా పెట్టుకుని ఈ పౌర్ణమికి మొదటి కొలత తీస్తాము.

సభ ముగిశాక మా పెద్దమ్మ తన ఇంటి పట్టా తెచ్చి చూపించింది. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. పట్టాలో తూర్పు హద్దుగా “ఇసుక దిబ్బ” అని రాసి ఉంది. అర్జీకి మొదటి జతగా దాని నకలు పెడుతున్నాము.