చెరువుల తుమ్మలు కొట్టాల్నా, ఉంచాల్నా?

కట్టమీద_నడక:
హన్మకొండ పక్కనే మా చెరువు. శిఖంలో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో, ముప్పై దాకా తుమ్మచెట్లు, వానాకాలమంతా మొదళ్లు నీళ్లలోనే. వాటి మీద కొంగలు గూళ్లు పెట్టాయి. మొన్న గ్రామసభలో చెరువు "శుభ్రం" చేస్తామని తుమ్మలన్నీ కొట్టించాలని తీర్మానం చేశారు. మత్స్య సంఘం వాళ్లూ చెయ్యెత్తారు.
నిన్న పొద్దున అరగంట నిలబడి చూశాను. నత్తగుల్ల కొంగ వచ్చి తెచ్చిన నత్తమాంసం గూట్లో కక్కింది. మూడు పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి తిన్నాయి. పెద్దదాని ముక్కు మధ్యలో సందు ఉంటుంది, మూసినా అవతలి వెలుతురు కనబడుతుంది. పిల్లలకు ఆ సందు ఇంకా రాలేదు. ఇప్పుడు గొడ్డలి పెడితే ఇవి ఎటు పోవాలి?

రెండోపంట:
సార్, మీరు పెట్టిన ఫొటో చూసిన. అవి సర్కారు తుమ్మలు. ఎక్కడిదో విదేశం చెట్టు. కొడితేనే మంచిది.

కట్టమీద_నడక:
కాదండి, నల్లతుమ్మలు. సర్కారు తుమ్మకు పూత కంకిలాగ వేలాడుతుంది. నల్లతుమ్మకు పసుపుపచ్చటి గుండ్రటి పూలు, కాయ పూసలదండలాగ గింజగింజకూ నొక్కుకుపోయి ఉంటుంది. మన తాతలు నాగళ్లు చేసింది ఈ కర్రతోనే. నెలల తరబడి నీళ్లలో నిలబడి కూడా బతుకుతుంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఊరి చెరువు చెట్ల మీదికే పెలికాన్లు వస్తాయి. ఊరోళ్లే కాపాడుకుంటున్నారు.

రెండోపంట:
కట్ట మీదియి సర్కారు తుమ్మలే. 2015ల మిషన్ కాకతీయ అప్పుడు పైపైన కొట్టిన్రు, వేరు తియ్యలే, మళ్ల మొలిచినయి. కట్టల చెట్టుండద్దు. వేరు కుళ్లినకాడ బొయ్యారం, అంటే బొక్క, పడి నీళ్లు కారుతయి. మా మడి తూము కిందనే ఉంది.

కట్టమీద_నడక:
నేను కట్ట గురించి అనలేదు, శిఖం గురించి అంటున్నాను.

రెండోపంట:
నేను కట్ట గురించే అంటున్న.

పాఖాలపిట్ట:
గూళ్లను, గుడ్లను చెడగొట్టినా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట కిందికే వస్తది. పిల్లలు ఎగిరిపోయేదాక ఆగుండ్రి.

బొచ్చెపరక:
చట్టం మాకు చెప్తున్నరా? ఆ ముండ్లకు తట్టుకొని పోయినేడు నా వలలు రెండు చినిగినయి. చెట్ల మీద నీటికాకులు గుంపుకు గుంపు. చేపపిల్లలను ఇడిసిన తెల్లారే మునుగుడు మొదలు పెడ్తయి. కరువొస్తే కొంగలు ఎగిరిపోతయి, మేం ఎటు పోవాలె?

కట్టమీద_నడక:
తమ్ముడూ, నత్తగుల్ల కొంగ తినేది ఎక్కువగా నత్తలే. చేపల జోలికి పెద్దగా పోదు. నీటికాకి తింటుంది, ఒప్పుకుంటాను. కానీ అది తినేది పిల్ల సైజును బట్టి ఉంటుంది. ఉచిత చేపపిల్లల పథకంలో రెండు సైజులున్నాయి. వర్షాకాలం చెరువులకు 35-40 మిల్లీమీటర్లది, ఏడాదంతా నీళ్లుండే చెరువులకు 80-100ది. మన చెరువు ఎండదు కదా, పెద్ద పిల్ల అడగండి.

బొచ్చెపరక:
నత్తగుల్ల కొంగను నేనేమన్నన్నా సార్? నీటికాకిని అన్న.
పెద్ద పిల్ల అడగమంటున్నరు. కాయితంల 80-100 అనే ఉంటది. లారీకెళ్లి దిగిన రవ్వు పిల్ల నా చిటికెనవేల్ల సగం ఉండె. తీసుకోమంటే, తీసుకోకుంటే ఈయేడు అదీ రాదన్నరు. ఎవలన్నరో పేరెందుకు. ఆయింత ఇడిసినం. నీటికాకులకు దావతైంది.

గవ్వ:
అంటే తప్పు పిట్టది కాదు కదా 😀

బొచ్చెపరక:
నవ్వుండ్రి. మీకు చూసుటానికి పిట్టలు. మాకు సంవత్సరం తిండి.

కట్టమీద_నడక:
మీ బాధ నాకు తెలియదనుకోకండి. కానీ చెరువు ఒక్క మీ సంఘానిదే కాదు. పిట్టలదీ, ఊరిదీ. చెట్లు లేని చెరువు నీళ్ల తొట్టి.

బొచ్చెపరక:
ఇగో, ఇది అంటరని తెలుసు. సార్, మీ ఇల్లు ఏడున్నది? నాలుగో వీధిల. గా వీధి చోటుల మా నాయిన మోకాలిలోతు నీళ్లల్ల వల ఏసిండు, నేను పక్కపొంటి బుట్ట పట్టుకున్న. ప్లాట్లు చేస్తున్నప్పుడు పిట్టల గురించి ఎవ్వలు మాట్లాడలే.

గవ్వ:
🙊

కట్టమీద_నడక:
(రెండు గంటల తర్వాత)
2004లో కొన్నాను. లేఅవుట్ చూపించారు, రిజిస్ట్రేషన్ అయింది. శిఖం అని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. 2023 జులైలో వరంగల్ మునిగినప్పుడు మా హాల్లోకి నీళ్లొచ్చాయి. అప్పుడు అర్థమైంది. ఇంటిని లేపి పక్కన పెట్టలేను. అందుకని చెట్ల గురించి కూడా నోరు మూసుకోవాలా?

బొచ్చెపరక:
మూసుకోమంటలేను. అసలు ముచ్చట చెప్త ఇనుండ్రి. తుమ్మలు కొట్టినంక అక్కడ నడిచే బాట, లైట్లు, బోట్లు పెడ్తరట. సభల చిన్నగ అన్నరు. బోట్లు వచ్చినంక వల ఏయనిస్తరా? పిట్టలున్నా పోయేది మేమే, లేకున్నా పోయేది మేమే.

కట్టమీద_నడక:
మరి సంఘం చెయ్యెందుకు ఎత్తింది?

బొచ్చెపరక:
చెట్లు పోతే వలలు చినుగయి, పిల్ల నిలుస్తదన్నరు. బోట్ల సంగతి తీర్మానం రాసినంక చెప్పిన్రు.

కట్టమీద_నడక:
ఆ బాట మా వీధి వాళ్లే అడిగారు. నేను కూడా సంతకం పెట్టాను. బాట అంటే కట్ట మీద అనుకున్నాను.

బొచ్చెపరక:
...

పాఖాలపిట్ట:
తీర్మానం నకలు ఎవలకాడన్న ఉందా? పెట్టుండ్రి జర.

రెండోపంట:
ఇంతకు కట్ట మీదియి సర్కారు తుమ్మలే అని ఎవలన్న ఒప్పుకుంటరా, లేదా?