సెంటు: ఒక్క చుక్క చాలా, పొర మీద పొర వేయాలా?

మొదటిచుక్క:
పాత తరం సెంటు పూసుకునేది, ఈ తరం పెర్ఫ్యూమ్ కొట్టుకుంటోంది. తేడా ఆ క్రియల్లోనే ఉంది. వెనకటి రోజుల్లో సీసా మూతకున్న గాజు పుల్లతో చెవి వెనక ఒక చుక్క, మణికట్టు మీద ఒక చుక్క అద్దుకుంటే పని అయిపోయేది. ఇప్పుడు స్నానానికి బాడీ వాష్, తర్వాత లోషన్, దాని మీద బాడీ మిస్ట్, జుట్టుకు వేరే మిస్ట్, చివర పెర్ఫ్యూమ్: ఒకే ఒంటి మీద ఐదు వాసనలు. నా మటుకు పాత పద్ధతే సరైనది: ఒక్క చుక్క, జీవితాంతం ఒకే వాసన. ఎందుకంటే మన ముక్కు మన వాసనకు కొద్ది నిమిషాల్లోనే అలవాటు పడిపోతుంది. మనకు తెలియడం లేదంటే వాసన పోయిందని అర్థం కాదు. అది తెలియకే జనం మళ్లీ మళ్లీ కొడుతున్నారు.

పొరలే_ఇష్టం:
లెక్క చూడకుండా తప్పు పట్టకండి. ఆ గాజు పుల్ల సీసాలో ఉన్నది ఎక్స్‌ట్రే, అంటే బాగా గాఢమైన సెంటు. అందులో సుగంధ ద్రవ్యం 20 నుంచి 30 శాతం. ఓ డి టాయ్‌లెట్ అనే పలచటి రకంలో 5 నుంచి 15 శాతమే, మిగతాది దాదాపు ఆల్కహాలే. చుక్క అంటే సుమారు 0.05 మి.లీ., స్ప్రే ఒక నొక్కుకు సుమారు 0.1 మి.లీ. 25 శాతం ఎక్స్‌ట్రే రెండు చుక్కల్లో 25 మైక్రోలీటర్ల సుగంధం ఉంటుంది. 8 శాతం టాయ్‌లెట్ మూడు నొక్కుల్లో 24. పెద్దవాళ్లు పూసుకున్నంతే ఇప్పటివాళ్లూ కొట్టుకుంటున్నారు!

పొరలు వేయడానికీ ఒక పద్ధతి ఉంది. కింద వాసన లేని లోషన్ రాయండి. పొడి చర్మం మీద సెంటు త్వరగా ఎగిరిపోతుంది, తేమ ఉంటే నిలుస్తుంది. లోషన్ ఇంకాక బరువైన వాసన (వెనిల్లా, గంధం, కస్తూరి లాంటివి) ఒక నొక్కు, దాని మీద తేలికది ఒక నొక్కు. రెండూ బరువైనవే అయితే కలిసి ముద్దగా తయారవుతాయి, ఏదీ విడిగా తెలియదు.

మొదటిచుక్క:
మీ లెక్క ఒప్పుకుంటాను, కానీ దాన్ని చివరిదాకా చేయండి. ఇప్పుడు చాలామంది చేతుల్లో ఉన్నది టాయ్‌లెట్ కాదు, దానికంటే గాఢమైన ఓ డి పర్ఫ్యూమ్. 18 శాతం అనుకుందాం. ఆరు నొక్కులంటే 108 మైక్రోలీటర్లు, అంటే పాత ఎక్స్‌ట్రే ఎనిమిది చుక్కల పైమాటే. చెవి వెనక ఎనిమిది చుక్కలు ఎవరు పూసుకున్నారండీ?

రసాయని:
ఇద్దరూ వదిలేసిన విషయం ఒకటుంది. సీసా మీద పేరు అదే అయినా లోపలిది మారింది. షీప్రే అనే పాత రకం సెంట్లకు అడుగున ఉండేది ఓక్‌మాస్, అంటే ఓక్ చెట్ల మీద పెరిగే నాచులాంటి దాని సారం. అందులోని అట్రనాల్, క్లోరోఅట్రనాల్ చర్మానికి పడవని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. 2021 ఆగస్టు నుంచి అవి ఉన్న సరుకు అక్కడ అమ్మకూడదు. 2022 మార్చి 1 నుంచి లిలియల్ అనే పూల వాసన రసాయనం కూడా పోయింది. "ఇదివరకటిలా లేదు" అని పెద్దవాళ్లు అంటే అది చాదస్తం కాదు, నిజమే.

ఇంకొకటి. పెద్ద అణువులున్న కొన్ని కస్తూరి రసాయనాలు కొందరి ముక్కుకు అసలు అందవు. ఆ మనిషికి ఖాళీగా అనిపిస్తుంది, పక్కన కూర్చున్నవాళ్లకు తల పట్టేస్తుంది. మొదటిచుక్క గారు చెప్పిన అలవాటు వేరు, ఇది వేరు. దీనికి మందు ఒక్కటే: రెండు నొక్కులు కొట్టుకుని, అరగంట ఆగి, చేయి చాపినంత దూరంలో నిలబడ్డ మనిషిని అడగాలి.

చర్మం సంగతి కూడా. సెంట్లలో ఉండే లిమొనీన్, లినలూల్ అనే వాసన పదార్థాలు గాలి తగిలి ఆక్సీకరణ చెందితే అలర్జీ తెచ్చే పదార్థాలుగా మారతాయి. కాబట్టి ఎండ తగిలే అరలో సగం అయిన సీసాను ఏళ్లపాటు ఉంచడం పాత అలవాటే అయినా మంచిది కాదు. శుద్ధి చేయని బెర్గమాట్ (ఒక రకం నిమ్మజాతి పండు) నూనెలో బెర్గాప్టెన్ అనే పదార్థం ఉంటుంది. అది మెడ మీద ఉండగా ఎండలోకి వెళ్తే, ద్రవం కారిన దారినే గోధుమరంగు చార పడుతుంది.

పౌడర్‌డబ్బా:
మేకప్‌లోనూ ఇదే గొడవ. 1930ల చివర మ్యాక్స్ ఫ్యాక్టర్ కంపెనీ పాన్‌కేక్ మేకప్ వచ్చినప్పుడు తడి స్పాంజితో ఒక పూత వేస్తే సరిపోయేది. ఇప్పుడు సన్‌స్క్రీన్, ప్రైమర్ (ఫౌండేషన్ కింద వేసే పూత), ఫౌండేషన్, క్రీమ్ బ్లష్, సెట్టింగ్ స్ప్రే. ఎక్కువ పొరలు వేయడం తప్పని నేను అనను. పొర ఆరకముందే ఇంకోటి వేయడం తప్పు.

బుగ్గ మీద ఫౌండేషన్ రుద్దుతుంటే రబ్బరు తుడిచాక మిగిలే పొట్టులా సన్నని ఉండలు లేస్తాయి చూడండి. ప్రైమర్ డబ్బా వెనక డైమెథికోన్, సైక్లోపెంటాసిలాక్సేన్ లాంటివి మొదట్లోనే ఉంటే అది సిలికోన్‌ది. నీళ్లు ఎక్కువున్న ఫౌండేషన్ దాని మీద పట్టు దొరక్క జారుతుంది, వేలు రుద్దేకొద్దీ రెండూ చుట్టుకుంటాయి. రెండూ ఒకే రకానివి తీసుకోండి. ప్రతి పొర వేలికి అంటుకోనంతవరకు ఆగండి, తర్వాత రుద్దకుండా తడి స్పాంజితో అద్దండి.

ఫౌండేషన్‌లో ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) ఉంది కదా అని సన్‌స్క్రీన్ మానేసేవారికి ఒక మాట: డబ్బా మీది అంకె చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూసి కొలిచినది. అంత మందాన ఫౌండేషన్ ఎవరూ వేసుకోరు.

పొరలే_ఇష్టం:
ఆరు నొక్కుల మాట ఒప్పుకున్నాను. ఓ డి పర్ఫ్యూమ్ అయితే రెండు, ఓ డి టాయ్‌లెట్ అయితే మూడు లేదా నాలుగు. కానీ ఒకే వాసన జీవితాంతం వాడాలన్న నియమం మాత్రం ఒప్పుకోను. రసాయని గారు చెప్పినట్టు ఆ వాసనే మారిపోతుంటే ఇంక దేనికి కట్టుబడాలి?

మొదటిచుక్క:
మార్చుకోండి, ఒకరోజుకు ఒకటి. అయితే చర్మానికి పడనివాళ్లు బట్ట మీద కొట్టుకోవచ్చని వెంటనే అనకండి: పట్టు మీద మరక పడుతుంది. నూలు బట్టయినా ముందు లోపలి అంచున ఒక నొక్కు కొట్టి, ఆరనిచ్చి చూడాలి.