సిర్హాన్‌కి నిజంగానే గుర్తులేదా?

ప్రశ్న: 1968 జూన్ 5న లాస్ ఏంజలెస్ అంబాసిడర్ హోటల్ వంటగదిలో అమెరికా సెనేటర్ రాబర్ట్ కెన్నెడీని కాల్చిన కేసులో శిక్షపడ్డ సిర్హాన్, ఆ కాల్పులు తనకు గుర్తే లేవని ఇన్నేళ్లుగా చెబుతున్నాడు. మీరు నమ్ముతారా?

జవాబు: నేను నమ్మనండి. కెన్నెడీ చనిపోవాలని నోట్‌బుక్‌లో పదే పదే రాసుకున్నాడు కదా, అదీ గుర్తులేదంటే ఎలా?

జవాబు: నోట్‌బుక్ సరే, శవపరీక్ష మాటేంటి? ప్రాణం తీసిన తూటా కుడి చెవి వెనక, దాదాపు అంగుళం దూరం నుంచి తగిలిందని డాక్టర్ నొగుచి తేల్చారు, చాలామంది సాక్షులేమో సిర్హాన్ ముందువైపు ఉన్నాడన్నారు. నాకు అక్కడే అనుమానం.

జవాబు: ఆ తోపులాటలో కెన్నెడీ తల తిప్పి ఉండొచ్చండి. కానీ ఆ రాత్రి తలకు తూటా తగిలి బతికిన పాల్ ష్రేడ్, 2016 పెరోల్ విచారణకు వెళ్లి మరీ, కెన్నెడీని చంపింది నువ్వు కాదని సిర్హాన్‌తోనే అన్నారు. అది నన్ను కదిలించింది.