టావోస్ ప్యూబ్లో మట్టి ఇళ్లు ఇన్ని శతాబ్దాలు ఎలా నిలిచాయి?

ప్రశ్న (యలహంక, బెంగళూరు)

నేను ఇక్కడ వాస్తుశిల్పం చదువుతున్నాను. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో, అక్కడి మూలవాసులైన ప్యూబ్లో ప్రజల గ్రామమైన టావోస్‌ను గురించి తరగతిలో విన్నాను. అక్కడి అంతస్తుల మట్టి కట్టడాల్లో ఎక్కువ భాగం 1000–1450 మధ్య కట్టినవనీ, వాటిలో నేటికీ మనుషులు ఉంటున్నారనీ చెప్పారు. అనంతపురం జిల్లాలోని మా తాతగారి ఊళ్లో మట్టి మిద్దెలు నా కళ్ల ముందే కూలిపోయాయి. మరి టావోస్ గోడలను నిలబెట్టింది అక్కడి మట్టా, వాతావరణమా, కట్టిన పద్ధతా? ఆ పాత ఇళ్లలో కరెంటు గానీ కుళాయి నీళ్లు గానీ లేకపోవడానికి పేదరికమే కారణమా?

జవాబు 1 (జయనగర్)

వాన తక్కువ కావడం కొంత కారణమే. అక్కడ ఏడాదికి సుమారు 300 మిల్లీమీటర్లు కురిస్తే, బెంగళూరులో 900 దాటుతుంది. కానీ టావోస్ 2,100 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలంలో కప్పుల మీద మంచు పేరుకొని కరుగుతూ గోడలను నానబెడుతుంది. అందుచేత మట్టి ఏటా రాలుతూనే ఉంటుంది, వారు మళ్లీ మళ్లీ మెత్తుతూనే ఉంటారు. నా దృష్టిలో అసలు జవాబు ఇదే.

స్పెయిన్ వారు ఇటుకల అచ్చులు తీసుకురాక ముందు ప్యూబ్లో ప్రజలు తడి మట్టిని చేతులతోనే వరుస మీద వరుసగా పేర్చి గోడ లేపేవారు. కప్పుకు దేవదారు జాతి దుంగలు వేసి, వాటి మీద అడ్డంగా సన్నని కర్రలు పరిచి, పైన మట్టి దట్టించేవారు. పూర్వం కింది అంతస్తుకు తలుపులు ఉండేవి కావు. నిచ్చెనతో కప్పు మీదికెక్కి అక్కడి నుంచి లోపలికి దిగేవారు. శత్రువులు వస్తే నిచ్చెనలు పైకి లాగేసుకునేవారు.

మీ తాతగారి ఊరి మిద్దెలు కూడా దూలాలు, దంతెలు, వాటి మీద మట్టితో కట్టినవే కదా. వానలకు ముందు చౌడు మన్ను పరిచే మనుషులు ఊళ్లో ఉన్నంతకాలం అవీ నిలిచాయి.

జవాబు 2 (మల్లేశ్వరం)

పై మాటకు ఒకటి జోడిస్తాను. టావోస్‌కు దగ్గరలోనే స్పానిష్ సంతతి వారు కట్టుకున్న రాంచోస్ డి టావోస్ చర్చి ఉంది. 20వ శతాబ్దంలో దాని మట్టి గోడలకు సిమెంటు పూత వేశారు. లోపలి తేమ బయటికి పోలేక గోడలు దెబ్బతినడంతో, ఆ పూతను ఒలిచేసి మళ్లీ మట్టి పూతకే వచ్చారు. ఇప్పుడు ఏటా ఊరివారే కలిసి పూస్తారు. పాత మట్టి ఇంటిని బాగుచేస్తామంటూ సిమెంటు పూసేవారు మన చుట్టూ ఎందరో ఉన్నారు కనుక ఈ సంగతి మీ ప్రాజెక్టులో తప్పక రాయండి. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ప్రచారంలోకి తెచ్చిన, కొద్దిగా సిమెంటు కలిపి నొక్కిన మట్టి ఇటుకను దీనితో కలపకండి. అది వేరే పదార్థం.

జవాబు 3 (మారతహళ్లి)

కరెంటు లేకపోవడాన్ని పేదరికంగా చూడడం సరికాదు. పాత గోడల లోపలికి కరెంటు, కుళాయిలు రానివ్వకూడదన్నది ఆ తెగ తీసుకున్న నిర్ణయం. చాలా కుటుంబాలకు గోడ వెలుపల తమ భూముల్లోనే సౌకర్యాలున్న ఇళ్లు ఉన్నాయి. పండుగలకు, క్రతువులకు పాత ఇంటికి చేరుకుంటారు. ఊరి మధ్య పారే ఏరు వారికి పవిత్రమైన బ్లూ లేక్ నుంచి వస్తుంది. 1906లో ప్రభుత్వం ఆ సరస్సును అడవి శాఖలో కలిపేసుకుంటే, పరిహారం డబ్బు తమకు అక్కర్లేదనీ భూమే కావాలనీ దశాబ్దాల పాటు పోరాడి, 1970 డిసెంబరులో 48,000 ఎకరాలు తిరిగి సాధించుకున్నారు.

ఎప్పుడైనా అక్కడికి వెళ్తే వారి క్రతువులను ఫొటో తీయకండి, కివా అనే ప్రార్థనా గదుల దరికి పోకండి. చలికాలం చివర కొన్ని వారాలు ఊరిని సందర్శకులకు మూసివేస్తారు కాబట్టి తేదీలు ముందే కనుక్కోండి.