కాయ సైజు ఫుల్‌గా వచ్చింది, మరి నూనె లేదంటారేంటి?

చింతలపూడి_కుర్రోడు:
మాది పామాయిల్ తోట. కోత కూలీలు మళ్లీ దొరకరేమోనని మొన్న నాన్న కాస్త ముందే గెలలు కొట్టించేశారు, ట్రాక్టర్ వేసుకుని మిల్లుకి వెళ్తే పచ్చివని సగం వెనక్కి పంపారు. కాయలు నల్లగానే ఉన్నాయి గానీ సైజు మాత్రం ఫుల్‌గా ఉంది. ఇంకో నెల ఆగితే లోపల కొత్తగా ఏం మారుద్ది? ఆకులో తయారయ్యేది చక్కెర కదా, అది నూనెలా ఎలా అవుద్ది? చదివింది బీకామ్, తిట్టకండి 🙏

గెలల_లెక్క:
సైజు చూసి మోసపోయారు బ్రో. పరాగసంపర్కం అయ్యాక గెల పండటానికి 5, 6 నెలలు పడుతుంది, మొదట్లో కాయ ఊరడమే, తర్వాత లోపలి గింజలో నూనె పడుద్ది, పైన గుజ్జులో మాత్రం ఆఖరి నెలన్నరలోనే దాదాపు మొత్తం నిండుద్ది. బాగా పండిన గుజ్జుని ఎండబెట్టి తూస్తే 80 శాతం పైనే నూనె.
ఇక చక్కెర సంగతి. మన పంచదార లాంటి సుక్రోజే మట్టల నుంచి సన్న గొట్టాల్లో గెలకి దిగుద్ది. కాయ కణాల్లో గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోయి, ఇంకా నలిగి రెండు కార్బన్ల ముక్కలవుతుంది, వాటిని ఒకదానికొకటి అతికిస్తే 16, 18 కార్బన్ల గొలుసు, అలాంటివి మూడు గ్లిసరాల్ అనే చిన్న అణువుకి తగిలిస్తే నూనె.

వేరుశనగ_వాడు:
దీంట్లో తరుగుంది, అది కూడా చెప్పాలి. గ్లూకోజ్‌లో ఆరు కార్బన్లుంటే రెండు గాలిలో కలిసిపోతాయి. కిలో నూనెకి రెండున్నర కిలోలకి పైనే చక్కెర కావాలి. అందుకే పచ్చి మట్టలు ఎడాపెడా నరికేస్తే నూనెకే ఎసరు.
తమాషా ఏంటంటే ఖర్జూరం కూడా ఈ కుటుంబమే, దాని గుజ్జులో చక్కెర చక్కెరగానే ఉండిపోద్ది. నూనె పని మొదలుపెట్టే రింకిల్డ్1 అనే జీన్ పామాయిల్ గుజ్జులో చాలా గట్టిగా పనిచేస్తుంది, ఖర్జూరంలో అంత కాదు.

చింతలపూడి_కుర్రోడు:
సూపర్ అన్నా. మరి వెనక్కొచ్చిన గెలల్ని మామిడికాయల్లా గడ్డిలో మగ్గేస్తే?

గెలల_లెక్క:
కుదరదు. మామిడికాయలో పిండి పదార్థం ముందే దాచి ఉంటది, కోశాక అదే తీపవుద్ది. గెలలో అలాంటి నిల్వ లేదు, కోశావంటే చక్కెర వచ్చే గొట్టం తెగినట్టే. పైగా దెబ్బ తగిలిన కాయల్లో ఉన్న నూనె కూడా విరిగి ఆమ్లమైపోద్ది, అందుకే కోసిన 24 గంటల్లో మిల్లుకి చేర్చమంటారు. ఈసారి చెట్టు కింద పండ్లు వాటంతటవే రాలడం మొదలయ్యాక కొట్టించు.