వేలంలో "నంబర్స్ మ్యాచింగ్" అని రాసిన జెడ్28ని ఎంతవరకు నమ్మొచ్చు?

గోదారి_మిషిగన్:
అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర, డెట్రాయిట్ పక్కన ఉంటున్నాం 14 ఏళ్లుగా. 1969 షెవర్లే కెమారోలో రేసుల కోసం పుట్టిన జెడ్28 రకం కొనాలని ఎప్పట్నుంచో డబ్బులు పక్కన పెట్టుకుంటూ వస్తున్నాను, ఇప్పుడు వచ్చే నెల ఒక వేలంలో ఒకటి వస్తోంది, లెమాన్స్ బ్లూ మీద తెల్ల చారలు, ఫొటోలు చూసిన దగ్గర్నుంచి నిద్ర పట్టట్లేదు. కేటలాగ్‌లో "రొటిస్సరీ రిస్టొరేషన్, నంబర్స్ మ్యాచింగ్ డీజెడ్ ఇంజన్, ఎక్స్77 ట్యాగ్" అని రాశారు, అంటే బండి మొత్తం విప్పి బాగుచేశారని, ఇంజన్ మొదట్నుంచీ ఆ బండిదేనని, బాడీ ట్యాగు మీద జెడ్28 కోడ్ ఉందని. కాగితాలు ఏమున్నాయని అడిగితే రిస్టొరేషన్ బిల్లులు ఉన్నాయన్నారు, 1969 నాటి కాగితం ఒక్కటీ లేదు. బండి చూస్తే షోరూమ్‌లోంచి నిన్నే వచ్చినట్టుంది. ఇలాంటివి కొన్నవాళ్లు, కొని దెబ్బతిన్నవాళ్లు ఎవరన్నా ఉంటే కాస్త చెప్పండి.

సీమోడు_డాలస్:
అన్నా, బిడ్ కట్టే ముందు నాకు జరిగింది విను. కొన్నేళ్ల కిందట ఒక పెద్ద వేలంలో, పేరు చెప్పను, 1970 షెవర్లే షెవెల్, ఎల్ఎస్6 ఇంజన్‌ది అని ఒకటి కొన్నా. ఆ ఏడాది షెవెల్‌లో 454 క్యూబిక్ ఇంచుల ఇంజన్ రెండు రకాలు, ఎల్ఎస్5 అయితే 360 హార్స్‌పవర్, ఎల్ఎస్6 అయితే 450, కానీ బ్లాక్ పోత నంబర్ రెండిటికీ ఒకటే, 3963512. విన్ నంబర్, అంటే బండి చాసిస్ నంబర్, చూస్తే మాలిబూ అనే మామూలు మోడల్ అని తెలుస్తుంది తప్ప ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్) అని కూడా రాదు, 69 నుంచి ఎస్ఎస్ అనేది ఉత్త ఆప్షన్ కదా. ఇంక మిగిలింది కుడిపక్క హెడ్ ముందర బ్లాక్ మీద ఉండే చిన్న ప్యాడ్, దాని మీద కొట్టిన అక్షరాలు. ఫోర్ స్పీడ్ ఎల్ఎస్6 అయితే సీఆర్‌వీ అని ఉండాల, నా దాంట్లో అట్లే ఉంది, పక్కన విన్‌లో చివరి అంకెలు కూడా ఉన్నాయి, సంతోషంగా తెచ్చుకున్నా.

ఎనిమిది నెలలు పోయినాక ఇంటేక్ గ్యాస్కెట్ కారుతుంటే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లినా, ఆయన ప్యాడ్ తుడిచి టార్చ్ వేసి చూసి ఏం మాట్లాడలేదు, కాసేపయినాక నన్ను దగ్గరికి పిలిచి చూపించినాడు. ఫ్యాక్టరీలో బ్లాక్ పైభాగాన్ని బ్రోచ్ చేసేటప్పుడు, అంటే పళ్లుండే పనిముట్టుతో చదును చేసేటప్పుడు, ప్యాడ్ మీద ముందు నుంచి వెనక్కి సన్నగా గీతలు పడతాయంట, దువ్వెనతో దువ్వినట్టు. నా బండికి ఆ గీతల్లేవు, అద్దం మాదిరి నున్నగా ఉంది. అంటే ప్యాడ్ మీదుండే పాత అక్షరాలు చెక్కేసి కొత్తవి కొట్టినారు. నాకు నమ్మబుద్ధి కాలేదు, బ్లాక్ మీద పోత తేదీ కూడా చూద్దాం అన్నాడు, అక్కడ డి 10 0 అని ఉంది, డి అంటే నాలుగో నెల, 1970 ఏప్రిల్ 10. బాడీ ట్యాగ్ మీదేమో 03ఎ, మార్చి మొదటి వారం. ఏప్రిల్‌లో పోత పోసిన ఇంజన్ మార్చిలో కట్టిన బండిలోకి ఎట్లొచ్చిందప్పా?

వేలం వాళ్లకి ఫోన్ చేస్తే వర్ణన అమ్మినాయన రాసింది, మాది కాదు, ఉన్నది ఉన్నట్టు అమ్ముతామని మీరు సంతకం పెట్టినారు అన్నారు. చూస్తే నిజంగానే పెట్టినా. సుత్తి పడిన ధర మీద వేలం వాళ్లకి 10 శాతం ప్రీమియం కూడా కట్టినా. బండి ఇంకా నా దగ్గరే ఉంది, కానీ దాన్ని ఎల్ఎస్6 అని ఎవరికీ చెప్పను.

చాసిస్_ప్రింట్_హైదరాబాద్:
సీమోడు అన్నా, చదువుతుంటే బాధైంది. ఇక్కడ మన దగ్గర లోన్‌కి, ట్రాన్స్‌ఫర్‌కి పోతే చాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తోని రుద్ది ప్రింట్ తీస్తరు కదా, నేను పాత బుల్లెట్లు కొనేటప్పుడు గదే చేస్త. కంటికి కనబడని తేడా కాగితం మీద కనబడ్తది, ఒక అంకె లోతు ఎక్కువ, ఒకటి వంకర, పక్కన గ్రైండింగ్ చేసిన మచ్చ, అన్నీ పడ్తయ్. పంచింగ్ చేసిన కేసులు రెండు గట్లనే దొరికినయ్ నాకు. ఆ ప్యాడ్ మీద కూడా గట్ల తీయనిస్తరా అక్కడ?

ఇంకొకటి, తప్పుగ అనుకోకండి, ఇంజన్ మారితే ఏమైతది? 50 ఏళ్ల బండి, రేసుల తిప్పిన బండి, ఇంజన్ పోతే ఇంకోటి పెడ్తరు కదా.

సీమోడు_డాలస్:
తమ్ముడూ, ప్రివ్యూ రోజు, అంటే వేలానికి ముందు బండ్లు చూసుకోనిచ్చే రోజు, అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. వద్దంటే ఆ మాటే నీకు జవాబు. ఇంజన్ మారడంలో తప్పేం లేదు, వారంటీలో ఫ్యాక్టరీ వాళ్లే మార్చిన బ్లాకులు ఉన్నాయి, వాటి మీద సీఈ అని కొట్టి ఉంటుంది, ఎవరూ దాచరు. మారిన ఇంజన్ మీద పాత నంబర్ కొట్టి, మారలేదని చెప్పి రెట్టింపు ధర తీసుకోవడమే తప్పు.

హెమీ_426:
షెవర్లేలో ఈ బాధ ఎక్కువ, ఎందుకంటే అమెరికాలో అమ్మిన బండ్ల ఆప్షన్ల రికార్డులు ఆ కంపెనీ ఉంచుకోలేదు. కెనడాలో అమ్మినవాటికి మాత్రం జీఎం కెనడా, అంటే షెవర్లే మాతృసంస్థకి అక్కడున్న శాఖ, కాగితం ఇస్తుంది. పాంటియాక్ అదృష్టం వేరు. 64, 65 పాంటియాక్ జీటీఓ అంటే లెమాన్స్ అనే మామూలు మోడల్ మీద ఒక ఆప్షన్, విన్‌లో కనపడదు, 66 నుంచే 242 అని మొదలవుతుంది, అయినా పీహెచ్ఎస్ (పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్) వాళ్ల దగ్గర ఫ్యాక్టరీ రికార్డులు ఉన్నాయి కాబట్టి ఉత్తి లెమాన్స్‌ని జీటీఓ అని అమ్మితే ఇట్టే తెలిసిపోతుంది. ఫోర్డ్ అయితే 67 నుంచి మార్టీ రిపోర్ట్, అంటే ఫోర్డ్ రికార్డుల్లోంచి ఇచ్చే కాగితం, తీస్తే చాలు, ఏ రంగు, ఏ గేర్‌బాక్స్, ఏ డీలర్, అన్నీ వస్తాయి.

మా మోపార్‌లో, అంటే ప్లిమత్, డాడ్జ్ లాంటి క్రైస్లర్ బండ్లలో, విన్‌లో ఐదో అక్షరమే ఇంజన్ చెప్తుంది, 70 ప్లిమత్ 'కుడా అయితే ఆర్ అంటే 426 హెమీ, వి అంటే 440 సిక్స్ బ్యారెల్. అందుకని ఇక్కడ మోసం ఇంకో దారిలో వస్తుంది. తుప్పు పట్టిపోయిన హెమీ బండి విన్ ప్లేటు, ఫెండర్ ట్యాగు ఊడదీసి 318 ఇంజన్ ఉన్న మామూలు మంచి బండి బాడీకి తగిలిస్తారు. బండి మొత్తం వేరేది, పేరు మాత్రం చచ్చిపోయిన దానిది. రేడియేటర్ సపోర్ట్ మీద, కౌల్ (ముందద్దం కింద రేకు) మీద విన్ చివరి అంకెలు కొట్టి ఉంటాయి, అక్కడ బాండో (పుట్టీ) మందంగా ఉంటే నేను ఇంక ముందుకెళ్లను. సీటు స్ప్రింగుల్లో, కార్పెట్ కింద బ్రాడ్‌కాస్ట్ షీట్, అంటే ఫ్యాక్టరీలో ఆ బండి ఆప్షన్లు రాసిన కాగితం, దొరికిందంటే బంగారమే. ఆశ ఎందుకంత అంటే, 1971 హెమీ 'కుడా కన్వర్టిబుల్ ఒకటి 2014లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లకి పోయింది, అలాంటివి తయారైందే చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

ఎక్స్‌కోడ్_సిన్సినాటి:
గోదారి గారూ, మీ బండి గురించి సూటిగా చెప్తాను, ఆ కెమారోలు కట్టిన నార్‌వుడ్ మా ఇంటికి పది నిమిషాలు, ఫ్యాక్టరీ 1987లో మూతపడింది కానీ అందులో చేసినవాళ్లు కొందరు ఇంకా ఉన్నారు, వాళ్లతో కూర్చుంటే టైమే తెలీదు.

మొదట విన్. 124379 తర్వాత ఎన్ ఉంటే నార్‌వుడ్, ఎల్ ఉంటే లాస్ ఏంజెలెస్. ఎక్స్ కోడ్లు నార్‌వుడ్ ట్యాగుల మీదే ఉంటాయి, అదీ 1968 డిసెంబర్ మధ్య నుంచి. ఎల్ విన్ ఉండి ట్యాగ్ మీద ఎక్స్77 ఉంటే ఇంక చూడక్కర్లేదు, వెనక్కి వచ్చేయండి. ఎక్స్33 అయినా, ఎక్స్77 అయినా జెడ్28నే, స్టైల్ ట్రిమ్ (అదనపు అలంకరణ) ఉందా లేదా అన్నదే తేడా. కానీ ట్యాగులు కొత్తవి చేసి అమ్ముతున్నారు, కాబట్టి రివెట్లు చూడండి, ట్యాగు చుట్టూ పెయింట్ చూడండి.

ట్యాగ్ కన్నా నేను నమ్మేది ఫైర్‌వాల్‌ని, అంటే ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకుని. జెడ్28కి ఏసీ ఇవ్వలేదు, ఆటోమేటిక్ ఇవ్వలేదు. దాని 302 ఇంజన్ ట్రాన్స్-యామ్ రేసుల్లో 305 క్యూబిక్ ఇంచులు దాటకూడదన్న రూలు కోసం పుట్టింది, 327 ఇంజన్ బోరు, 283 ఇంజన్ స్ట్రోకు, కాగితం మీద 290 హార్స్‌పవర్, అలాంటి బండికి ఏసీ ఎక్కడ పెడతారు. క్లోన్ చేసేవాళ్లు, అంటే మామూలు కెమారోని జెడ్28లా మార్చేవాళ్లు, దొరికిన ఏదో వి8 బండి తీసుకుంటారు, అది ఏసీ బండి అయితే ఫైర్‌వాల్‌కి ప్యాసింజర్ వైపు కన్నం వేరేలా ఉంటుంది, దాన్ని పూడ్చి వెల్డ్ చేస్తారు. ఇంజన్ వైపు నున్నగా చేసి రంగేస్తారు, లోపల డ్యాష్ కింద మాత్రం ఎవరూ పట్టించుకోరు. టార్చ్ పట్టుకుని వెల్లకిలా పడుకుని చూడండి.

కాగితాల్లో ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అడగండి, వారంటీ పుస్తకంలో ఉండే చిన్న లోహపు ప్లేటు. అదీ దొంగది చేస్తారు, ఒక్కదాన్నే నమ్మకండి. ఎన్‌సీఆర్ఎస్ అనే కార్వెట్ సంఘం నుంచి షిప్పింగ్ రిపోర్ట్ తీయించొచ్చు గానీ అది ఏ డీలర్‌కి ఎప్పుడు పోయిందో చెప్తుందంతే, జెడ్28 అని చెప్పదు.

ఇంకో మాట, నా మనసులో ఎప్పట్నుంచో ఉంది. పూర్తిగా విప్పి ఇసుకతో కొట్టి రంగేసిన బండిలో సాక్ష్యం అంతా పోతుంది. ఫ్యాక్టరీ వాళ్లు సుద్దముక్కతో పెట్టిన గుర్తులు, ఓవర్‌స్ప్రే, పాత స్టిక్కర్లు, అన్నీ. తర్వాత అవే గుర్తులు పుస్తకం చూసి మళ్లీ పెడతారు. అందుకే నేను బిల్లులు కాదు, రంగేయకముందు తీసిన ఫొటోలు అడుగుతాను. హాలీవుడ్ హీరో స్టీవ్ మెక్‌క్వీన్ బుల్లిట్ సినిమాలో నడిపిన 68 ఫోర్డ్ మస్టాంగ్ తుప్పుతో, వెలిసిన రంగుతో అలాగే 2020 జనవరిలో కిసిమీ వేలానికి వచ్చి ప్రీమియంతో కలిపి 37.4 లక్షల డాలర్లకి పోయింది. దాన్ని ఎవరైనా మెరుగు పెట్టి ఉంటే ఎంత నష్టం జరిగేదో నాకు తల్చుకుంటేనే కష్టంగా ఉంటుంది.

ట్రిబ్యూట్_ఓనర్:
నా దగ్గరున్నది జెడ్28 క్లోనే, కొన్నప్పుడే ఆయన చెప్పాడు, బిల్లులో రాశాడు, నేనూ అమ్మితే అలాగే రాస్తా. ఎండొస్తే పిల్లల్ని ఎక్కించుకుని తిప్పుతా, రాయి తగిలినా గుండె ఆగదు. కానీ నాకు భయం ఒకటుంది, నా తర్వాత రెండు చేతులు మారితే ఆ "ట్రిబ్యూట్" అన్న మాట, అంటే ఇది క్లోన్ అని చెప్పే మాట, కాగితంలోంచి రాలిపోతుంది. అందుకే ట్రంక్ లోపల కనపడేలా ఒక ప్లేటు బిగించా, ఇది 2011లో కట్టిన క్లోన్ అని.

హెమీ_426:
ఆ ప్లేటు ఐడియా చాలా బాగుంది భయ్యా.
అలాగే విన్ ప్లేటు రివెట్ల విషయం కూడా తేలిగ్గా తీసుకోకండి ఎవరూ. కాన్సాస్‌లో ఒకాయన ఇండియానాలో కొన్న 1959 కార్వెట్‌ని 2017లో రిజిస్ట్రేషన్‌కి తీసుకెళ్తే, రిస్టొరేషన్‌లో విన్ ప్లేటు ఊడదీసి మళ్లీ బిగించారని పోలీసులు బండి పట్టుకెళ్లిపోయారు. ఆయన చేసిన తప్పేమీ లేదు. ఏళ్లపాటు కోర్టుల చుట్టూ తిరిగాడు, 2022లో ఆ రాష్ట్రం చట్టమే మార్చాల్సి వచ్చింది.

గోదారి_మిషిగన్:
అందరికీ చాలా థాంక్సండి. ప్రివ్యూకి వెళ్లొచ్చాను. విన్‌లో ఎన్ ఉంది, ట్యాగు మీద ఎక్స్77 ఉంది, ప్యాడ్ మీద గీతలు కూడా లీలగా ఉన్నట్టే అనిపించాయి, పెన్సిల్ ప్రింట్ తీస్తానంటే అక్కడున్నాయన నవ్వి తీసుకోమన్నాడు, అప్పటికి నాకు ధైర్యం వచ్చింది. తర్వాత సిన్సినాటి గారు చెప్పినట్టు డ్యాష్ కింద పడుకుని చూశాను. హీటర్ బాక్స్ పక్కన ఒక అతుకు, చుట్టూ వెల్డింగ్ పూస, చెయ్యి పెడితే తగిలింది. మా ఆవిడ కూడా వంగి చూసి, ఏవండీ ఇది అతికిందే అంది. అమ్మే ఆయన్ని రంగేయకముందు ఫొటోలున్నాయా అనడిగితే ఫోన్ పోయింది అన్నాడు. ఆ వెల్డింగ్ ఏంటి అంటే ఏదో తుప్పు పట్టిందేమో అన్నాడు.

బిడ్ వేయలేదండి. ఆ రోజు అది ఎంతకి పోయిందో చూడ్డానికి కూడా ఉండబుద్ధి కాలేదు.

ఇంకోటి దొరికింది, ఒంటారియోలో. రంగు వెలిసిపోయింది, సీట్లు చిరిగిపోయాయి, వెనక క్వార్టర్ ప్యానెల్స్ రెండూ తుప్పు. కొత్తగా అమ్మింది కెనడాలోనే అంట, జీఎం కెనడా కాగితానికి ఓనర్ ఆయనే రాశాడు. ఈ లోపు ప్యాడ్ ఫొటో పంపాడు, నాకు గీతలు కనిపిస్తున్నాయి గానీ సీమోడు గారూ, మీరొకసారి చూస్తారా, మెసేజ్ పెట్టాను.

సీమోడు_డాలస్:
చూసినా అన్నా. గీతలు చక్కగా ఉన్నాయి. పోత తేదీ ఫొటో కూడా తెప్పించు, కాగితం వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దు.